ముప్పావు గంట దూరం

రీయూనియన్ దీవి నుంచి మారిషస్ దీవికి విమానంలో రెండువందల ముప్పై కిలోమీటర్లని, ముప్పావు గంట ప్రయాణమని తడుముకోకుండా చెప్పగలిగిన మనిషి పుదుచ్చేరి ఇందిరా నగర్‌లో నేనొక్కదాన్నే అయివుంటాను. ఆ దీవులు రెండూ నేను చూడలేదు. అసలు విమానమే ఎక్కలేదు. మా మేడ మీంచి లాసుపేట వైపు దిగే చిన్న విమానాల పొట్టలు చూడటం ఒక్కటే నా అనుభవం. అయినా కొన్నాళ్ళపాటు, కుక్కర్ కూతకీ కూతకీ మధ్య ఫోన్ తీసి, ఆ రెండు విమానాశ్రయాల పేర్లూ కొట్టి దూరం చూసుకోవడం నాకు అలవాటైపోయింది. ఒక సైటు నలభై ఐదు నిమిషాలంటుంది. ఇంకోటి యాభై అంటుంది. మరొకటి విమానాశ్రయంలో కాచుక్కూచునే సమయం కూడా కలిపేసి గంటల్లో చెబుతుంది; దాని మీద నాకు ఒళ్ళుమంట. ఆ దూరం పెరగదనీ తెలుసు, తగ్గదనీ తెలుసు. మళ్ళీ చూసేదాన్ని.

మా అక్క రీయూనియన్‌లో ఉంటుంది. అది ఆఫ్రికాకి ఇవతల సముద్రంలో ఉన్న ఫ్రెంచి దీవి. మా యానాంలోనూ ఇక్కడ పుదుచ్చేరిలోనూ ఫ్రెంచి పౌరసత్వం ఉన్న కుటుంబాలు కొన్ని ఉన్నాయి, అలాంటి ఇంటికి దాన్ని ఇచ్చారు. బావ ఆ దీవిలో బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత కిడ్నీలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్. ఆయన ఒంటరిగా ఉండలేడు, కొత్తవాళ్ళతో ఉండడు. అక్క ఇండియా వచ్చి ఏళ్ళయిపోయింది. నేను వెళ్దామంటే ఫ్రాన్సు వీసా కావాలి. ఒకసారి ప్రయత్నిస్తే కాగితాలు చాలవన్నారు. నా పేరున ఉద్యోగం లేదు, ఇల్లు లేదు, ఉన్నది మొగుడొక్కడే.

అప్పుడు అక్కకి ఆలోచన వచ్చింది. మారిషస్‌కి మనవాళ్ళకి ముందుగా వీసా అక్కర్లేదు. బావకి ఆదివారం డయాలిసిస్ ఉండదు. ఒక్క ఆదివారం పగలు పక్కింటివాళ్ళు ఆయన్ని చూసుకుంటామన్నారు. పొద్దున్నే విమానమెక్కి మారిషస్‌లో దిగి, పగలంతా ఉండి, సాయంత్రం విమానానికి తిరిగి వెళ్ళిపోతే రాత్రి ఆయన మందుల వేళకి ఇంట్లో ఉంటుంది. "మధ్యలో కలుద్దామే" అంది ఫోన్లో. మధ్యలో అనడం దాని గొప్ప. తనకి ముప్పావు గంట. నాకు చెన్నై దాకా మూడు నాలుగు గంటలు కారు, ఆపైన సముద్రం మీద ఆరేడు గంటలు. అయినా ఆ మాట విన్నప్పుడు నా చేతిలో అప్పడాల కర్ర ఉంది, దాన్ని పట్టుకునే ఎగిరాను.

ఎగరడానికి అటు బావ అడ్డం అయితే, ఇటు మా అత్తగారు.

ఆవిడకి ఎనభై దాటాయి. హాల్లో వీధి గుమ్మానికి ఎదురుగా చేతుల కుర్చీలో కూచుంటుంది. ఆవిడ కళ్ళు తప్పించుకుని ఆ ఇంట్లోంచి పిల్లి కూడా బయటికి పోలేదు. మా వైపు బయల్దేరే మనిషిని ఎక్కడికి అని అడగరు, అడిగితే వెళ్ళిన పని చెడుతుందంటారు. అందుకని 'ఎంత దూరం?' అని అడుగుతారు. మర్యాద ఉన్నవాళ్ళు ఎప్పుడో ఒకసారి అడిగే మాట అది. మా అత్తగారు రోజుకి ఎన్నిసార్లు అడుగుతుందో నేను లెక్కపెట్టడం మానేశాను. పాలకి వెళ్తే 'ఎంత దూరం?' సారం బజారుకి కూరలకి వెళ్తే 'ఎంత దూరం?' మేడ మీద బట్టలు ఆరేయడానికి చెప్పులు తొడిగినా 'ఎంత దూరం అమ్మాయ్?' దూరం చెప్పాక ఆవిడ గడియారం వంక చూస్తుంది. చెప్పినదానికంటే ఆలస్యమైతే ఏమీ అనదు. అన్నం తినదు, అంతే.

నా చేతి అన్నం తప్ప ఆవిడ తినదని మా చుట్టాలంతా మెచ్చుకునేవాళ్ళు. నాకు దండ వేసినట్టు ఉండేది వాళ్ళకి, పలుపు వేసినట్టు ఉండేది నాకు. ఒక్కోసారి ఈవిడ పోతే బాగుండును అనిపించేది. అనిపించినప్పుడల్లా లేచి వెళ్ళి కాఫీ కలిపి ఇచ్చేదాన్ని. మా ఆయన ఇక్కడి ప్రభుత్వ ఆఫీసులో పనిచేస్తారు, యానాం నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాం. ఆయనకి అమ్మ మీదా కోపం రాదు, నా మీదా రాదు. పేపరు మీద వస్తుంది.

మొత్తానికి అడిగాను. అత్తగారు ఒప్పుకోదనుకున్నాను. ఆవిడ కాసేపు గుమ్మం వంక చూసి, "తోడబుట్టినదాన్ని చూసుకోవద్దా ఏంటి? వెళ్ళు" అంది. నేను ఏడుపుకి సిద్ధమై వెళ్ళినదాన్ని, ఏం చెయ్యాలో తెలియక వంటింట్లోకి వచ్చేశాను. కాకినాడ నుంచి మా ఆడపడుచు నాలుగు రోజులు వచ్చి ఉంటానంది. టికెట్లు తీశారు. శనివారం పొద్దున ఇల్లు వదిలితే ఆదివారం అక్కని చూస్తాను.

అప్పుడు అత్తగారు గోడ మీది తమిళ క్యాలెండరు తెప్పించి కొడుకు చేత చదివించింది. నేను బయల్దేరే వేళకి సరిగ్గా రాహుకాలం. "అయితే పరస్థానం పెట్టేయండి" అంది.

ఈ కాలం పిల్లలకి ఈ మాట తెలియదు. ప్రయాణం రోజు మంచిది కాకపోతే, ముందే ఒక మంచి వేళ చూసుకుని, తీసుకెళ్ళే సామానులో ఒకటి ఇల్లు దాటించి ఇంకొకరి ఇంట్లో ఉంచుతారు. సామాను కదిలింది కాబట్టి ప్రయాణం మొదలైపోయినట్టే. ఆ తర్వాత మనిషి ఏ వేళకి కదిలినా దోషం లేదు. ఒక్కటే నియమం, అలా బయల్దేరిన సామాను ప్రయాణం పూర్తయ్యేలోపు మళ్ళీ ఇంటి గడప తొక్కకూడదు. "ఫైలు ముందు పంపించి ఆఫీసరు తర్వాత వెళ్ళినట్టు" అన్నారు మా ఆయన. ఆయన వేసే జోకులన్నీ ఇలాగే ఉంటాయి.

గురువారం పొద్దున నా నీలం చక్రాల పెట్టె సర్దాను. రెండు పట్టుచీరలు, అక్కకి నేత చీరలు, పూతరేకులు, ఆవకాయ. అత్తగారు కుర్చీలోంచే అడిగింది: "ఇవి కాదే. ఏది లేకపోతే నువ్వు వెళ్ళలేవో అది పెట్టేవా? ఉత్త బట్టలు పెడితే పరస్థానం ఎలా అవుద్ది?" ఏది లేకపోతే వెళ్ళలేనో అందరికీ తెలుసు. పాస్‌పోర్టు తీసి పెట్టె ముందు అరలో పెట్టి జిప్పు లాగాను.

పెట్టెని ఉంచింది ఎదురింటి పెద్దమ్మ దగ్గర. వాళ్ళు ఎన్నో తరాల కిందట ఇక్కడికి వచ్చి పాతుకుపోయిన తెలుగువాళ్ళు. ఇంట్లో మాట తెలుగే గానీ అందులో సగం తమిళం, అక్షరం ముక్క చదవలేరు. పెద్దమ్మకి భర్త లేడు, కూతుళ్ళకి పెళ్ళిళ్ళయిపోయాయి. ఒక్కతే ఉంటుంది. పెట్టె దొర్లించుకుంటూ వీధి దాటుతున్న నన్ను చూసి గేటు దగ్గర నుంచే గొంతెత్తింది.

"ఏందిమ్మా, యాడికి పయణం?"

"ఎక్కడికని అడక్కూడదమ్మా!" మా ఇంట్లోంచి అత్తగారి కేక.

"సరి సరి, అడగల్యా!" అని పెద్దమ్మ చెంపలేసుకుని, పెట్టెని హాల్లోకి తీసుకెళ్ళి టీవీ పక్కన నిలబెట్టింది. విషయం చెప్పాక అడిగింది: "మీ అక్కకి యెంత సేపుమా వచ్చేదానికి?" ముప్పావు గంటన్నాను. "అంతేనా? కడలూరు బస్సు కూడా అంత సేపు పట్టును గదా" అని ఆశ్చర్యపోయింది.

ఆ మర్నాడు, శుక్రవారం, అత్తగారు స్నానాల గదిలో జారిపడింది.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్, ఆసుపత్రి మంచం, ఇంటికొచ్చాక నాలుగు కాళ్ళ స్టాండు. నేను ఎక్కాల్సిన విమానం వెళ్ళిపోయే వేళకి ఆసుపత్రి కారిడార్‌లో ఆవిడ చీరలు మడతపెడుతున్నాను. అక్కకి ఫోన్ చేస్తే, "ఏం చేస్తాంలే. మా ఇంట్లోనూ అంతే కదా" అంది. దాని గొంతులో నిందేమీ లేదు. అదే నాకు మండింది. తిడితే బాగుండేది.

ఇంటికొచ్చాక పెట్టె తెచ్చేసుకుంటానన్నాను. మంచంలో కదల్లేని మనిషి అంత గట్టిగా అరవగలదని నాకు తెలియదు. "తేవద్దు! బయల్దేరిన పెట్టె అది. ఇంట్లోకి తేవద్దు!"

అలా నా పెట్టె ఎదురింట్లో కాపరం పెట్టింది. మొదటి వారం పూతరేకులకి చీమలు పట్టాయి. తినే వస్తువుకి దోషం లేదని అత్తగారు తీర్పు చెప్పాక పెద్దమ్మా నేనూ కూచుని అవి తినేశాం. పాస్‌పోర్టన్నా తీసి బీరువాలో పెడదామన్నారు మా ఆయన. "అది తీసేస్తే ఇంకేం మిగిలిందిరా అందులో?" అంది ఆవిడ. చుట్టాలింట్లో పెళ్ళికి పట్టుచీర కావాల్సివచ్చింది, తియ్యనివ్వలేదు. పాతచీరలో వెళ్ళాను. ఆయుధపూజకి పెద్దమ్మ కుట్టుమిషనుకీ గ్యాసుపొయ్యికీ పెట్టినట్టే నా పెట్టెకీ గంధం, కుంకుమ పెట్టి, మూర చేమంతులు చుట్టింది. చూడ్డానికి వెళ్ళి నవ్వాను. ఇంటికొచ్చి, గిన్నెలు తోముతూ, నవ్వినందుకు ఏడ్చాను. నా సామాను వీధి దాటింది, నేను దాటలేదు. రోజూ మా వంటింటి కిటికీలోంచి చూస్తే ఆ ఇంటి గుమ్మం కనిపిస్తుంది. నా ఇంట్లో నేను ఉన్నట్టూ లేదు, వెళ్ళినట్టూ లేదు.

ఆ రోజుల్లోనే దూరం చూసుకోవడం ఎక్కువైంది. రెండువందల ముప్పై అంటే ఇక్కణ్ణుంచి తిరుచ్చి దాటి కొంచెం ముందుకి. అంత దగ్గర దీవిలో అక్క ఒక్క పూట నిలబడగలదని తెలిశాక అంతకుముందులా బతకడం కుదరలేదు.

తొమ్మిది పది నెలలయ్యాక మళ్ళీ ముహూర్తం కుదిరింది. అత్తగారు స్టాండు పట్టుకుని హాల్లోకి వస్తోంది. ఆడపడుచు నిజంగానే వచ్చి దిగింది, అత్తగారు ఆమె చేతి అన్నం మూడుపూటలు తిని చూపించింది. అక్కడ అక్క కూడా పక్కింటివాళ్ళకి మళ్ళీ చెప్పుకుంది, టికెట్ తీసుకుంది. ఈసారి తేదీ గురించి క్యాలెండరు చూడక్కర్లేదట, ప్రయాణం ఎప్పుడో మొదలైపోయింది కదా. శనివారం పొద్దున కారెక్కి, ఎదురింటి ముందు ఆపి, పెట్టె ఎక్కించుకుని వెళ్ళిపోవడమే.

తలస్నానం చేసి, కొత్త చెప్పులు తొడిగాను. "ఎంత దూరం?" అంది అత్తగారు. ఆవిడకి మొత్తం తెలుసు, అయినా అడిగింది. నేను నవ్వి, "చాలా దూరం అత్తయ్యగారండీ" అన్నాను. పెళ్ళయ్యాక ఆ గుమ్మంలో ఆ జవాబు చెప్పడం అదే మొదలు. వంగి కాళ్ళకి దణ్ణం పెట్టాను.

ఎదురింటి గ్రిల్‌కి తాళం వేసుంది.

పూలకో పాలకో వెళ్ళిందనుకున్నాం. ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. కారు డ్రైవరు ఇంజను ఆపాడు. పక్కవీధి పూలమ్మాయిని అడిగితే చీకటితోనే ఆటో ఎక్కడం చూశానంది. మా ఆయన చేస్తే మోగుతోంది. ఆడపడుచు చేస్తే మోగుతోంది. నేను గ్రిల్ పక్క కిటికీలోంచి చూశాను. టీవీ పక్కన, చేమంతి దండ ఎండిపోయి, నా పెట్టె. ఇంతే దూరంలో ఉంది. కిటికీ ఊచల్లోంచి చెయ్యి భుజం దాకా పెట్టాను, అందదు. మునక్కాయలు కోసే దోటి తెచ్చి పొడిచాను. పెట్టె కదిలి, ఊగి, బోర్లా పడింది, పాస్‌పోర్టు ఉన్న ముందు అర నేలకేసి. తర్వాత ఎంత లాగినా దోటి కొక్కెం పట్టు దొరకలేదు.

"తాళం పగలగొట్టండి" అన్నాను.

"వేరేవాళ్ళ ఇల్లు" అన్నారు మా ఆయన.

"నా పెట్టె!"

"పెట్టె నీదే. ఇల్లు నీది కాదుగా."

ఆయన స్కూటరు మీద సారం వెళ్ళి తాళాలు తీసే మనిషిని తీసుకొచ్చారు. ఆ మనిషి గ్రిల్ చూశాడు, నన్ను చూశాడు, ఇంటివాళ్ళు లేకుండా తీస్తే రేపు పోలీసు స్టేషన్‌లో తానే కూచోవాలని, తమిళంలో చాలా మర్యాదగా చెప్పి వెళ్ళిపోయాడు. డ్రైవరు "పోలామా అక్కా?" అంటూ, వెళ్దామా వెళ్దామా అని కాసేపు అడిగి, తర్వాత మానేశాడు. ఎండ మా గేటు దాకా వచ్చింది. నేను వీధి మధ్యలో కొత్త చెప్పులతో నిలబడ్డాను. ఇక బయల్దేరినా అందుకోలేమని మా ఆయన వాచీ చూసి చెప్పినప్పుడు ఆయన చేతిని విదిలించి కొట్టాను. ఇరవై ఎనిమిదేళ్ళ కాపరంలో అంతకుముందు ఎప్పుడూ అలా చెయ్యలేదు.

మధ్యాహ్నం దాటాక పెద్దమ్మ ఆటో దిగింది. మా వైపు చూడకుండా, ఇంటి పక్క సందులోంచి పెరట్లోకి పోయి, కొళాయి కింద నిలబడి తల తడుపుకుంది. అప్పుడు అర్థమైంది. వాళ్ళ తోడికోడలు తిండివనం దగ్గర తెల్లారుజామున పోయిందట.

"నేనెట్టామా నీ తలుపు కొట్టేది?" నీళ్ళు కారుతున్న జుట్టుతో గ్రిల్ తీస్తూ అంది. "నువ్వు మంచి పయణం పోతా ఉండావు. సావు కబురు నీ గడపకి తెస్తానా? చెప్పకుండా పొయినాను. పన్నెండుకల్లా వచ్చేస్తాం గదా, నువ్వు పొయ్యేది సాయంత్రం గదా అనుకున్న్యా."

విమానం సాయంత్రం. కారు పొద్దున. ఆ తేడా ఆమెకి నేను చెప్పలేదో, చెప్పినా ఆమెకి పట్టలేదో.

"ఫోనన్నా ఎత్తకూడదా పెద్దమ్మా?"

"సావింట్లో కూర్చోని నీతో యెట్టా మాట్లాడేది? ఏడ్పులు ఇనపడితే నీ పయణం కెట్టు పోదా? నువ్వు పిలిచినప్పుడంతా దేవుడా, ఈ బిడ్డ మంచిగా పొయ్యి రావల్లని మొక్కుకున్న్యా."

నేను మోగించిన ప్రతిసారీ ఆమె నా ప్రయాణం కోసం మొక్కుకుంటూ ఫోన్ చూస్తూ కూచుందన్నమాట. దీన్ని ఏమని తిట్టాలో నాకు తెలియలేదు. అయినా తిట్టాను. మీ ఆచారాలు మండా అన్నాను, మీరంతా కలిసి నన్ను గోతిలో పెట్టారన్నాను, ఇంకా ఏవేవో అన్నాను. ఆమె తడిచేతులతో నా రెండు చేతులూ పట్టుకుని "తిట్టుమా, తిట్టు" అంటూ నిలబడింది.

తర్వాత పెట్టెని లేవదీసి, బరబరా ఈడ్చుకుంటూ వీధి దాటాను. మా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అత్తగారు స్టాండు అడ్డంపెట్టి గడప మీద నిలబడి ఉంది. ఎవరూ పట్టుకోకుండా అంతదూరం ఎలా వచ్చిందో తెలియదు.

"తేవద్దు."

"తప్పుకోండి అత్తయ్యగారండీ. నేనింక ఎక్కడికీ వెళ్ళను. అయిపోయింది."

"అయిపోలేదే. లోపలికి తెస్తే అయిపోద్ది." ఆవిడ స్టాండుని ఇంకాస్త అడ్డంగా జరిపింది. "నా పెట్టె తెచ్చేసేరు అమ్మాయ్. రామేశ్వరం వెళ్దావని పక్కింట్లో పరస్థానం పెట్టేను. నీ మొగుడు చంటాడు, వాడికి జొరం తగిలింది. వారం ఆగి వెళ్దావన్నాను. మా మావగారు వెళ్ళి పెట్టె ఇంట్లోకి తెచ్చేసి అటక మీద పెట్టేసేరు. అంతే. మళ్ళీ ఎవరూ అనలేదు. నేనూ అనలేదు."

మా ఆయన స్కూటరు పక్కన నిలబడి విన్నారు. ఆయనకి అరవై దగ్గర పడుతున్నాయి. తన జ్వరం సంగతి ఆయన అంతవరకూ వినలేదు. నేనూ వినలేదు. రామేశ్వరం ఇక్కణ్ణుంచి ఒక్క రాత్రి రైలు. ఇన్నేళ్ళుగా ఇక్కడ ఉంటూ ఆవిణ్ణి తీసుకెళ్దామని మాలో ఎవరికీ తోచలేదు. ఎంత దూరం అని ఆవిడ మమ్మల్ని అడిగిందే గానీ మేం ఆవిణ్ణి అడగలేదు.

నా కోపం అప్పటికీ పోలేదు. పోయిందని రాస్తే అబద్ధం. కానీ పెట్టెని వెనక్కి తిప్పి ఎదురింట్లో పెట్టొచ్చాను.

అక్కకి సాయంత్రం చెప్పాను. "సరేలే, పడుకో" అని పెట్టేసింది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక దాని ఫోన్ వచ్చింది. వెనకాల మైకులో ఏవో ప్రకటనలు, చక్రాల పెట్టెల చప్పుడు.

"ఎక్కడున్నావే?" అన్నాను. అడక్కూడని మాటే అడిగేశాను.

"మారిషస్‌లో" అంది. "పొద్దున్నే వచ్చేను."

"నేను రావట్లేదని చెప్పానుగా!"

"నాకు చెప్పేవు. మీ బావకి నేను చెప్పలేదు." తప్పు చేసిన పిల్లలా నవ్వింది. "పక్కింటావిడ పొద్దున్నే వచ్చేసింది. చీర కట్టేసుకున్నాను. ఇంక ఉండబుద్ధి కాలేదే."

"ఏం చేస్తున్నావక్కడ ఒక్కదానివీ?"

"బయటికొచ్చే వాళ్ళని చూస్తూ కూచున్నాను. నువ్వు వచ్చే గుమ్మంలోంచే వస్తున్నారు అందరూ. పప్పు పెట్టిన పూరీ లాంటిది తిన్నాను, బొబ్బట్టులో బెల్లం మర్చిపోయినట్టుంది. కాసేపు టాక్సీలో సముద్రం దాకా వెళ్ళొచ్చేను. మన ఊరి సముద్రంలా లేదు, నీలంగా ఉంది." గబగబా చెప్పుకుంటూ పోతోంది. దాని గొంతు అంత తేలిగ్గా వినపడి ఎన్నేళ్ళయిందో.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను లేకుండా నా రోజు అది వాడేసుకుంది. నన్ను చూడకపోయినా దానికి బాగానే ఉంది. ఆ మాటే అనబోయాను. కానీ నోటికి వేరే మాట వచ్చింది. "విమానంలో ఎంతసేపు పట్టింది?"

"ముప్పావు గంటే. ఎక్కేం అనుకునేలోపు దించేసేరు." ఆ తర్వాత మెల్లగా అంది: "కానీ ఆ ముప్పావు గంటా నన్నెవరూ పిలవలేదే."

హాల్లో అత్తగారు నన్ను పిలుస్తోంది. నేను పలకలేదు. ఫోన్ చెవికి పెట్టుకుని, అక్క చుట్టూ ఉన్న చప్పుళ్ళు వింటూ కూచున్నాను. సాయంత్రం విమానానికి అది వెళ్ళిపోయింది. ఇంటికెళ్ళి, చెల్లెలు బాగుందని, కొంచెం చిక్కిందని బావకి చెప్పిందట.

మళ్ళీ అలాంటి ఆదివారం రాలేదు. బావకి ఇప్పుడు ఒంట్లో మరీ బాగుండటం లేదు, పూట కూడా వదలడానికి లేదు. ఆడపడుచు కాకినాడ వెళ్ళిపోయింది. మా ఆయన ఒకరోజు రామేశ్వరం టికెట్ల సంగతి ఎత్తితే అత్తగారు తన తుంటి మీద చెయ్యేసి చూపించి ఊరుకుంది. నా పెట్టె ఎదురింట్లోనే ఉంది, టీవీ పక్కన. పాస్‌పోర్టూ అందులోనే. నేను తియ్యలేదు.

ఈమధ్య అన్నాలయ్యాక చెప్పులు తొడుక్కుంటున్నాను. కూరలకీ కాదు, పాలకీ కాదు. ఎదురింటికి వెళ్తాను. పెద్దమ్మ చాప మీద నిద్రపోతూ ఉంటుంది. ఆమెని లేపను. పెట్టె పక్కన కుర్చీ వేసుకుని ఊరికే కూచుంటాను. ఫోన్ మా ఇంట్లో వదిలేసి వెళ్తాను.

మొదటిరోజు గుమ్మం దాటబోతుంటే ఎప్పటిలాగే వెనక నుంచి వినపడింది.

"ఎంత దూరం అమ్మాయ్?"

"ముప్పావు గంట" అన్నాను, తిరిగి చూడకుండా.

ఆవిడ గడియారం వంక చూస్తుందని నాకు తెలుసు.

"అంతేనా?" అంది.